దూరం నుంచి వచ్చే పని

షోలాపురం నగరపు తూర్పు భాగంలో ఏ వీధిలోకి వెళ్ళినా తెలుగు మాట వినబడుతుంది. మగ్గం పని కోసం తరాల క్రితం తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీల వాడలవి. మగవారు మరమగ్గాల మీద దుప్పట్లు, తువ్వాళ్ళు నేస్తుంటే, ఆడవారు ఇంటి ముందు కూర్చుని, ఒడిలో చేట పెట్టుకొని బీడీలు చుడతారు. తునికాకు, పొగాకు కంపెనీ బ్రాంచి నుంచి తెచ్చుకోవాలి. ఆకును తడిపి, కొలత ప్రకారం కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం కట్టి, కట్టలు చేసి తిరిగి బ్రాంచిలో అప్పగించాలి. కూలి వేయి బీడీలకు ఇంత అని ఇస్తారు. బాగా లేవని తీసి పక్కన పడేసిన వాటికి కూలి లేదు. ఆ బీడీలు ఏ ఊళ్ళో అమ్ముడవుతాయో, కంపెనీకి ఎంత మిగులుతుందో చుట్టే చేతికి తెలియదు.

బీడీ కాల్చేవారి ఆరోగ్యానికే కాదు, రోజంతా పొగాకు పొడి పీల్చుతూ చుట్టేవారి ఆరోగ్యానికి కూడా చేటు. అందుచేత ఈ వృత్తిని మెచ్చుకోవలసిన అవసరం లేదు. కాని ఇది పాతకాలపు పని అనీ, చదువు లేనివారి పని అనీ, చదువుకొన్నవారు చేసే ఉద్యోగాలకూ దీనికీ ఏ పోలికా లేదనీ చాలామంది అనుకొంటారు. గడచిన 30 ఏళ్ళలో బెంగళూరు, చెన్నై, హైదరాబాదు నగరాలలో వేలాది పట్టభద్రులు చేసిన ఒక పని చరిత్రను పరిశీలిస్తే ఆ అభిప్రాయం నిలవదు. ఆ పని పేరు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. వైద్యుడు నోటితో చెప్పి వదిలిన మాటలను విని, తప్పు లేకుండా టైపు చేసి పెట్టడం. ఒక సంస్థ తన పనిని బయటివారికి అప్పగించి చేయించుకోవడాన్ని ఔట్‌సోర్సింగ్ అంటున్నారు. ప్రభుత్వ కాగితాలలో దీనికే ‘పొరుగు సేవలు’ అనే చక్కని పేరు ఉంది. ఈ పొరుగు పదివేల మైళ్ళ దూరాన ఉన్నా ఫరవాలేదన్న సంగతి మొదట రుజువైన పనులలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఒకటి.

అమెరికాలో వైద్యుడు రోగిని పరీక్షించిన తరువాత ఆ వివరాలన్నీ రికార్డు చేసి ఉంచాలి. రోగి చెప్పిన బాధ ఏమిటి, ఏయే పరీక్షలు చేశారు, ఏ మందు ఎంత మోతాదులో ఇచ్చారు అన్నవి అందులో ఉంటాయి. తరువాత చూసే వైద్యుడికి అదే ఆధారం. రోగి తరఫున డబ్బు చెల్లించే బీమా సంస్థకూ అదే ఆధారం. దావా పడితే న్యాయవాది మొదట అడిగేదీ అదే. అయితే రోజుకు పదులకొద్దీ రోగులను చూసే వైద్యుడికి కూర్చుని రాసే తీరిక ఉండదు. అందువల్ల యంత్రంలోకి మాట్లాడి వదిలేసే అలవాటు ఏర్పడింది. ఆ మాటలను విని టైపు చేయడానికి పెద్ద ఆసుపత్రులలో ప్రత్యేకంగా ఒక గది ఉండేది. వైద్య పదజాలం క్షుణ్ణంగా నేర్చిన స్త్రీలు అక్కడ పనిచేసేవారు. కొంతకాలానికి ఖర్చు తగ్గించుకోదలచిన ఆసుపత్రులు ఈ పనిని బయటి కంపెనీలకు ఇచ్చాయి. ఆ కంపెనీలు టేపులను స్త్రీల ఇళ్ళకు పంపి, టైపు అయిన కాగితాలను తెప్పించుకొనేవి. అంటే ఈ పని మొదట అమెరికాలోనే ఆసుపత్రి గడప దాటి ఇంటికి చేరింది. సముద్రం దాటడం ఆ తరువాతి మాట. మన దేశస్థులు అమెరికన్ల పనిని లాక్కొన్నారని అనేవారు ఈ మొదటి అడుగును మరచిపోతారు.

సముద్రం దాటడానికి కావలసిన దారి 1980ల నుంచి ఏర్పడుతూ వచ్చింది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే అమెరికా కంపెనీ బెంగళూరులో ఒక కేంద్రాన్ని తెరిచి, ఉపగ్రహం ద్వారా స్వదేశంతో సంబంధం ఏర్పరచుకొంది. ఆ ఉపగ్రహ పరికరాలను ఎద్దుబండి మీద తరలించిన సంగతిని బెంగళూరులో ఇప్పటికీ చెప్పుకొంటారు. తరువాత భారత ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులను నెలకొల్పింది. వాటిలో మొదటి మూడు పుణే, బెంగళూరు, భువనేశ్వర్‌లలో వచ్చాయి. ఈ మూడూ అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు పొరుగు రాష్ట్రాలలోనివే. 1995 ఆగస్టు 15న దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది. మాట తీగ మీద ప్రయాణం చేయగలిగినప్పుడు, దాన్ని వినే చెవి ఏ దేశంలో ఉంటేనేం?

పైగా కాలం కూడా కలిసివచ్చింది. చలికాలంలో న్యూయార్కు గడియారం మన గడియారం కంటే 10 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది. అక్కడ సాయంకాలం 6 గంటలకు వైద్యుడు ఇంటికి బయలుదేరే వేళకు ఇక్కడ మరునాటి తెల్లవారుజాము 4.30 అవుతుంది. అతడు చెప్పి వదిలిన మాటలు ఇక్కడి ఉదయపు షిఫ్టు వారికి సిద్ధంగా ఉంటాయి. వారు పగలంతా టైపు చేసి, సరిచూసి పంపితే, అక్కడ మళ్ళీ ఆసుపత్రి తెరిచేసరికి రికార్డు బల్ల మీద ఉంటుంది. వైద్యుడు నిద్రలో ఉండగా పని పూర్తయింది. రాత్రి అని పేరుపెట్టి మనుషులు విశ్రాంతికి ఉంచుకొన్న సమయం కూడా ఈ విధంగా ఖర్చు లెక్కలోకి వచ్చి చేరింది.

ఇది తేలిక పని కాదు. టైపు రావడం ఇందులో చిన్న భాగం. వైద్యులలో కొందరు నెమ్మదిగా చెబుతారు, కొందరు భోజనం చేస్తూ చెబుతారు, కొందరు కారు నడుపుతూ చెబుతారు. అమెరికాలోని వైద్యులందరూ అక్కడ పుట్టినవారు కారు. ఒక్కొక్కరి ఉచ్చారణ ఒక్కొక్క దేశానిది. ఇక పదాల చిక్కు చెప్పనలవి కాదు. ‘ఇలియం’ అని వినబడే మాటలు రెండు ఉన్నాయి. ఒకటి తుంటి ఎముకలో పై భాగం. రెండవది చిన్నపేగు చివరి భాగం. చెవికి రెండూ ఒకటే. స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా. ‘డిస్ఫేజియా’ అంటే మింగడంలో కష్టం, ‘డిస్ఫేసియా’ అంటే మాట్లాడడంలో కష్టం. ‘హైపర్‌టెన్షన్’ రక్తపుపోటు ఎక్కువ కావడం, ‘హైపోటెన్షన్’ తక్కువ కావడం. ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ అన్న మాటలు హడావిడిలో ఒకేలా వినబడతాయి. 15 మిల్లీగ్రాములు ఇవ్వవలసిన చోట 50 అని టైపు చేస్తే రోగి ప్రాణం మీదికి వస్తుంది.

కాబట్టి చెవి మాత్రమే ఉంటే చాలదు. జరుగుతున్నది ఏమిటో తెలియాలి. రోగికి పేగు ఆపరేషన్ జరిగిందని ముందు వాక్యంలో ఉంటే, తరువాత వచ్చే ‘ఇలియం’ ఎముక కాదని గ్రహించాలి. ఈ గ్రహింపు ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారికే వస్తుందన్న అపోహ ఒకటి ఉంది. చిన్నపేగు అంటే ఏమిటో, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో జీవశాస్త్రం పాఠంలో తన భాషలో అర్థం చేసుకొన్న విద్యార్థికి కొత్త పేరు నేర్చుకోవడం నెలల పని. వస్తువు తెలియకుండా పేరు మాత్రమే బట్టీపట్టినవారికి ఎన్నేళ్ళయినా ఆ సందేహం వదలదు. ఇంగ్లీషు అవసరం లేదని దీని అర్థం కాదు. వైద్యుడు మాట్లాడేది ఇంగ్లీషే. అది బాగా రావలసిందే.

ఇంత నైపుణ్యం కావలసిన పనికి జీతం ఎలా లెక్కకట్టారు? పంక్తికి ఇంత అని. ఖాళీలతో సహా 65 అక్షరాలు ఒక పంక్తి. రోజుకు ఎన్ని పంక్తులు టైపు చేశారు, నూటికి 98 వంతులకు తగ్గకుండా సరిగా ఉన్నాయా లేదా అని చూసేవారు. తప్పులు ఎక్కువైతే కోత. పెద్ద కంపెనీలలో నెలజీతం ఉన్నా, దాని వెనుక రోజుకు ఇన్ని పంక్తులన్న నియమం ఉండేది. ఇంటి దగ్గర కూర్చుని చేసేవారికి పంక్తి లెక్క ఒక్కటే. షోలాపురంలో వేయి బీడీల లెక్క, నాణ్యత చూసి పక్కన పడేసే లెక్క, ముడిసరుకు ఇచ్చి తయారైనది తీసుకొనే పద్ధతి — ఇవన్నీ ఇక్కడ చల్లని గదిలో, కంప్యూటరు ముందు, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని తిరిగి వచ్చాయి. పొగాకు బదులు మాట ముడిసరుకు అయింది.

అయినా ఈ పని చాలా కుటుంబాలకు మేలు చేసిందనడంలో సందేహం లేదు. చిన్న పట్టణాల డిగ్రీ కళాశాలల నుంచి వచ్చిన అమ్మాయిలు సొంత సంపాదన చూశారు. చెల్లెళ్ళను చదివించారు. పెళ్ళి తరువాత కూడా ఇంటి నుంచి చేసుకోగల పని కావడంతో కొందరు మానకుండా కొనసాగించారు. ఆ సంపాదనను తక్కువచేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. ప్రశ్న అది కాదు. పనిచేసేవారికీ, పని చేయించుకొనేవారికీ మధ్య ఎన్ని చేతులు ఉన్నాయి, ఆ చేతులలో బాధ్యత ఎవరిది అన్నదే ప్రశ్న.

2003 అక్టోబరులో ఈ ప్రశ్న బహిరంగంగా ముందుకు వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక పెద్ద ఆసుపత్రికి పాకిస్తాన్‌లోని కరాచీ నుంచి ఒక ఈ-మెయిలు అందింది. తనకు రావలసిన డబ్బు ఇప్పించకపోతే రోగుల రికార్డులను ఇంటర్నెట్‌లో అందరికీ కనబడేలా పెడతానని ఒక స్త్రీ అందులో బెదిరించింది. మాట నిజమని చూపడానికి రోగుల రికార్డులను కొన్నింటిని జతచేసింది. ఆమె ఎవరో ఆసుపత్రికి తెలియదు. విచారించగా బయటపడిన సంగతి ఇది: ఆసుపత్రి ఆ పనిని దగ్గరలోని ఒక కంపెనీకి ఇచ్చింది. ఆ కంపెనీ అందులో కొంత ఫ్లోరిడాలోని ఒక మనిషికి ఇచ్చింది. అక్కడి నుంచి అది టెక్సాస్‌లోని మరొకరికి చేరింది. టెక్సాస్ నుంచి కరాచీకి వెళ్ళింది. ఒక్కొక్క చేయి మారినప్పుడల్లా పంక్తి ధర తరుగుతూ వచ్చింది. చివరి చేతికి వచ్చేసరికి ఆ కొంచెం కూడా అందలేదు. కొంత సొమ్ము ముట్టిన తరువాత ఆమె బెదిరింపును విరమించుకొంది.

రోగుల రహస్యాలను బయటపెడతానని బెదిరించడం క్షమించరాని తప్పు. కాని ఆనాడు అమెరికాలో జరిగిన చర్చ ఎక్కువగా విదేశాలకు రికార్డులు పంపవచ్చునా, కూడదా అన్నదాని చుట్టూ తిరిగింది. కరాచీ దూరం కావడం వల్ల ఈ గొడవ రాలేదు. నలుగురు చేతులు మార్చిన పనికి నలుగురిలో ఎవరూ జవాబుదారీ కాకపోవడం వల్ల వచ్చింది. అదే గొలుసు కరాచీ దాకా వెళ్ళకుండా టెక్సాస్‌లోనే ఆగి ఉన్నా, చివరి మనిషికి కూలి ఎగ్గొట్టడానికి అడ్డు ఏమీ లేదు.

మరి అమెరికాలో ఈ పనినే నమ్ముకొని బతికిన స్త్రీల మాట ఏమిటి? పని విదేశాలకు పోతున్నకొద్దీ వారి పంక్తి ధర పడిపోయింది. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న టైపిస్టు, నిన్న మొన్న నేర్చుకొన్న వారితో ధరలో పోటీ పడవలసి వచ్చింది. వారి గోడు ఇక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకొని ఉంటే, కొద్ది ఏళ్ళలో తమకూ అదే జరుగుతుందని ఇక్కడివారు ముందుగానే గ్రహించి ఉండేవారు.

ఎందుకంటే ఆ వంతు రానే వచ్చింది. ఈసారి వచ్చినది మరొక దేశం నుంచి కాదు, యంత్రం నుంచి. మాటను విని తానే అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేరు 2000 తరువాతి సంవత్సరాలలో ఆసుపత్రులలోకి ప్రవేశించింది. మొదట్లో అది చేసే తప్పులు చూసి నవ్వుకొన్నారు. నవ్వుకొన్నంత కాలం పట్టలేదు. యంత్రం తయారుచేసిన చిత్తుప్రతిని, వైద్యుడి మాటలు వింటూ సరిదిద్దడం మనిషి పని అయింది. ట్రాన్స్‌క్రిప్షనిస్టు పేరు ఎడిటరుగా మారింది. పేరు పెద్దదైంది, పంక్తి ధర మాత్రం చాలాచోట్ల సగానికి దగ్గరగా దిగింది. సరిదిద్దడం టైపు చేయడం కంటే తేలిక కనుక అదే సమయంలో రెట్టింపు పంక్తులు అవుతాయి కదా అని కంపెనీలు చెప్పాయి. ఈ వాదంలో ఒక మెలిక ఉంది. యంత్రం చేసే తప్పు మనిషి చేసే తప్పులా ఉండదు. అది స్పెల్లింగు తప్పదు; శుభ్రమైన వాక్యంలో తప్పు మాటను నింపి పెడుతుంది. ఎముక ఉండవలసిన చోట పేగు ఉంటుంది, వాక్యం మాత్రం నున్నగా ఉంటుంది. అటువంటి తప్పును పట్టుకోవడానికి మరింత శ్రద్ధ కావాలి. ఎక్కువ శ్రద్ధకు తక్కువ ధర పెట్టడం జరిగింది.

ఇంకొక విచిత్రం కూడా ఉంది. ఎడిటర్లు సరిదిద్దిన ప్రతుల ఆధారంగా యంత్రానికి తన తప్పులు తెలిసివచ్చేవి. వైద్యుడు అన్న మాట ఒకవైపు, మనిషి సరిచేసిన ప్రతి ఒకవైపు పెట్టుకొని సాఫ్ట్‌వేరు మెరుగుపడింది. కూలి తీసుకొంటూనే తమ స్థానంలోకి వచ్చేదానికి చదువు చెప్పినట్లయింది. ఆ పాఠానికి వేరుగా రుసుము మాత్రం లేదు.

తరువాతి మార్పులు త్వరత్వరగా వచ్చాయి. 2009లో అమెరికా ప్రభుత్వం కంప్యూటరు రికార్డులు పెట్టుకొనే ఆసుపత్రులకు, వైద్యులకు ప్రోత్సాహకంగా ధనసహాయం ఇచ్చే చట్టం చేసింది. దానితో వైద్యులే తెర మీద గడులు నింపడం మొదలుపెట్టారు. 2021లో మైక్రోసాఫ్ట్ సంస్థ, ఇటువంటి వాక్‌సాఫ్ట్‌వేరులో పేరుపొందిన న్యువాన్స్ కంపెనీని సుమారు 1,970 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించి, మరుసటి ఏడాది కొనుగోలు పూర్తిచేసింది. ఇప్పుడు పరీక్ష గదిలో వైద్యుడు, రోగి మాట్లాడుకొంటుండగానే విని, రికార్డు రాసిపెట్టే కృత్రిమ మేధ పరికరాలు వాడుకలోకి వచ్చాయి. వైద్యుడు విడిగా చెప్పవలసిన అవసరమే లేదు. మధ్యలో కొంతకాలం ఆ మాటలను దూరం నుంచి అప్పటికప్పుడు విని రాయడానికి మనుషులనే పెట్టారు. భారతదేశంలో, బంగ్లాదేశ్‌లో యువతీ యువకులు అమెరికా పగలంతా, అంటే తమ రాత్రంతా, మేలుకొని ఆ పని చేశారు.

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నూరేళ్ళకు పైగా తమిళులకు, తెలుగువారికి, కన్నడిగులకు బతుకునిచ్చిన గనులవి. మూసివేతను ఆపడానికి కార్మికులు పోరాడారు, కోర్టుకు వెళ్ళారు. చివరకు గని మూతపడింది. కాని మూతపడిన తేదీ ఒకటి ఉంది, పరిహారం అడగడానికి ఒక యాజమాన్యం ఉంది, ఊరంతటికీ ఒకే దుఃఖం ఉంది. ఈనాటికీ అక్కడి వారు ఎందరో తెల్లవారే రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్ళి రాత్రికి తిరిగి వస్తారు. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌కు మూతపడిన తేదీ లేదు. గేటుకు తాళం వేయలేదు. ఒక నెల పంక్తి ధర తగ్గింది, మరొక నెల పని తగ్గింది, ఆపైన ఫైళ్ళు రావడం మానేశాయి. ఎవరికి వారు తమ చేతకానితనం వల్లనే పని పోయిందనుకొన్నారు. చదువుకొన్నవారి పని పోయే తీరు ఇది. గని మూత కంటే దీనిలో శబ్దం తక్కువ. అందువల్లనే ఇది ఎక్కువ ప్రమాదకరం.

పని పోలేదు, రూపం మార్చుకొన్నదని వాదించేవారు ఉన్నారు. వారి మాటలోనూ కొంత నిజం ఉంది. అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి వ్యాధులకు సంకేతాలు ఇచ్చే కొత్త పద్ధతి అమలులోకి వచ్చింది. అంతకుముందు సుమారు 14,000 ఉన్న వ్యాధి సంకేతాలు దాదాపు 70,000 అయ్యాయి. కుడిచేయి విరిగితే ఒకటి, ఎడమచేయి విరిగితే మరొకటి. మొదటిసారి చూపించుకొంటే ఒకటి, రెండవసారి అయితే మరొకటి. రికార్డు చదివి సరైన సంకేతం వేసే మెడికల్ కోడింగు పనికి చెన్నై పెద్ద కేంద్రమైంది. ట్రాన్స్‌క్రిప్షన్ చేసినవారిలో చాలామంది అటు మళ్ళారు. అయితే అందరూ మళ్ళలేకపోయారు. పదిహేనేళ్ళు టైపు చేసినా శరీరశాస్త్రం అర్థం చేసుకోనివారు అక్కడే ఆగిపోయారు. ఆ పదిహేనేళ్ళలో వారికి అర్థం చేసుకొనే అవకాశం కంపెనీ ఇచ్చిందా అంటే, పంక్తి లెక్కలో ఆగి పుస్తకం తెరిచే నిమిషానికి విలువ లేదు. ముక్కకు కూలి కట్టే పద్ధతి మనిషిని ఆ ముక్క దగ్గరే నిలబెడుతుంది. ఇప్పుడు కోడింగులోనూ యంత్రం చేయి పెట్టింది. మళ్ళీ అదే వరస.

ఇక్కడ షోలాపురానికి తిరిగి రావలసి ఉంది. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే స్త్రీ తమ ఉద్యోగి కాదనీ, కాంట్రాక్టరు ఇచ్చిన ముడిసరుకుతో తన ఇంట్లో తాను పనిచేసుకొంటున్నదనీ కంపెనీలు చాలాకాలం వాదించాయి. 1966లో పార్లమెంటు చేసిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఆ వాదాన్ని తోసిపుచ్చింది. ముడిసరుకు ఇచ్చినది కంపెనీ అయినా, కాంట్రాక్టరు అయినా, ఇంట్లో చుట్టే మనిషి కూడా ఉద్యోగే అని స్పష్టంగా చెప్పింది. నాణ్యత పేరుతో ఎన్ని బీడీలను తిరస్కరించవచ్చునో దానికి నిబంధనలు హద్దు పెట్టాయి. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. గుర్తింపు కార్డు ఉన్న కార్మికురాలికి వైద్యం, పిల్లలకు ఉపకారవేతనం లభించే ఏర్పాటు జరిగింది. ఇవన్నీ సరిగా అమలయ్యాయని కాదు. కార్డు లేనివారు ఎందరో ఉన్నారు. కూలి ఎప్పుడూ చాలినంత లేదు. కాని తాను లెక్కలో ఉన్నానన్న ధీమా ఒకటి వారికి దొరికింది. ఆ ధీమాతోనే షోలాపురం బీడీ కార్మిక స్త్రీలు, తెలుగు కుటుంబంలోనే పుట్టి శాసనసభ్యుడైన నరసయ్య ఆడం నాయకత్వంలో ఇళ్ళ కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. నగరం పొలిమేరలోని కుంభారి దగ్గర 10,000 ఇళ్ళ కాలనీ వెలిసింది. గోదావరీ పరులేకర్ పేరు పెట్టిన ఆ కాలనీ 2006లో అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా ప్రారంభమైంది. వేయి బీడీలకు ఇంత అని కూలి తీసుకొనే స్త్రీలు సాధించుకొన్న ఇళ్ళవి.

చదువుకొన్నవారి కథ ఇందుకు తలకిందులు. పనివేళలు, సెలవులు, శిక్షలు, తొలగింపు వంటి వాటికి యజమాని రాతపూర్వకమైన నియమాలు పెట్టుకోవాలని 1946 నాటి చట్టం ఒకటి ఉండేది. సమాచార సాంకేతిక సంస్థలకు ఆ చట్టం నుంచి కర్ణాటక ప్రభుత్వం 2014లోనూ, 2019లోనూ ఐదేసి ఏళ్ళపాటు మినహాయింపు ఇచ్చింది. మినహాయింపు కావాలని కంపెనీలు అడగడంలో ఆశ్చర్యం లేదు. వాటిలో పనిచేసే లక్షల మందిలో ఎక్కువమందికి ఆ మినహాయింపు తమకు పట్టని సంగతిగా తోచడమే ఆశ్చర్యం. తాము కార్మికులం కాము, వృత్తినిపుణులం అన్న భావం దానికి కారణం. కార్మికుడన్న మాటలో వారికి బీడీల చేట కనిపించింది. అందులో ఉన్న గుర్తింపు కార్డు కనిపించలేదు.

పాత కార్మిక చట్టాలను చాలావాటిని కలిపి పార్లమెంటు నాలుగు స్మృతులుగా చేసింది. అవి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాయి. 1946 చట్టం, 1966 బీడీ చట్టం కూడా వాటిలో కలిసిపోయాయి. కొత్త స్మృతుల ప్రకారం ఉద్యోగంలో చేరిన ప్రతివారికీ నియామకపత్రం ఇవ్వాలి. హెడ్‌ఫోను పెట్టుకొని రాత్రంతా మేలుకొనే అమ్మాయికి ఆ పత్రం అందవచ్చు. పని ఇస్తున్నది ఎవరు, పంక్తి ధరను ఎవరు మారుస్తారు, ఎన్నాళ్ళ ముందు చెప్పి మారుస్తారు, ఆమె సరిదిద్దిన ప్రతితో యంత్రానికి నేర్పుకొంటే అందులో ఆమెకు ఏమైనా వాటా ఉంటుందా అన్న మాటలు ఆ పత్రంలో ఉంటాయో లేదో ఆమె చదివి చూసుకోవాలి. లేకపోతే పక్క కుర్చీలోని మనిషిని అడిగి, ఇద్దరూ కలిసి అడగాలి. షోలాపురంలో మొదట అడిగినవారు కూడా పక్కపక్క అరుగుల మీద కూర్చున్న ఇద్దరు ముగ్గురే అయి ఉంటారు.